బిడ్డ వెంట ఎవరు పోతున్నారు?

ఒక మాట అనుకుందాం. మీ బిడ్డ డిగ్రీ చదువుతున్నది. రోజూ పొద్దున గరిడేపల్లిలో బస్సెక్కి కాలేజీకి పోతున్నది. ఆ కాలేజీ సూర్యాపేటలో ఉండవచ్చు. కోదాడలో ఉండవచ్చు. మిర్యాలగూడలో ఉండవచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. కాబట్టి బస్సు ఖర్చు బాధ కొంత తప్పింది.

ఒకనాడు సాయంత్రం బిడ్డ వచ్చింది. చెప్పులు విడవకముందే ఒక కాగితం మీ చేతిలో పెట్టింది.

"అమ్మా, నన్ను కాలేజీ బాస్కెట్‌బాల్ టీంల తీసుకున్నరు. హైదరాబాదుల పోటీలున్నయి. మూడు రోజులు. ఇండ్ల సంతకం పెట్టు. రేపటికల్ల ఇయ్యాలె."

వెనకటి రోజుల్లో అయితే మీరు ఏం చేసేవాళ్ళు? వేలిముద్ర వేసేవాళ్ళు. లేకపోతే "మీ నాయనను అడుగు" అని పొయ్యి దగ్గరకు పోయేవాళ్ళు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. కాగితం చేతిలోకి తీసుకోండి. కూడబలుక్కుంటూ అయినా సరే, చివరిదాకా చదవండి.

కాగితంలో ఆట పేరు ఉంది. తేదీలు ఉన్నాయి. ఊరి పేరు ఉంది. "ఏమైనా జరిగితే కాలేజీకి బాధ్యత లేదు" అని కూడా ఉంది. ఒక్కటి మాత్రం లేదు. బిడ్డల వెంట ఎవరు పోతున్నారో రాయలేదు.

ఈ పాఠం ఆ రాయని సంగతి గురించే.

ముందు ఆట సంగతి

బాస్కెట్ అంటే బుట్ట. 1891లో అమెరికా దేశంలో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు ఈ ఆట మొదలుపెట్టాడు. పండ్లు వేసుకునే బుట్టలను ఎత్తున కొట్టించాడు. బంతిని అందులో వేయమన్నాడు. ఇప్పుడు బుట్టకు బదులు ఇనుప రింగు, దానికి వల ఉంటాయి. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. ఒక్కో జట్టులో 5 మంది ఆడతారు. మిగిలినవాళ్ళు బెంచీ మీద కూర్చుంటారు. ఎవరైనా అలిసిపోతే వాళ్ళ బదులు వీళ్ళు దిగుతారు. మొత్తం జట్టులో 12 మంది దాకా ఉండవచ్చు.

ఇది మగపిల్లల ఆట కదా అని కొందరు అంటారు. ఆట పుట్టిన మరుసటి ఏడాదే, 1892లో, సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ దీన్ని ఆడపిల్లల కాలేజీలో నేర్పించింది. ఆమె చిన్నప్పుడు ఎప్పుడూ జబ్బుగా ఉండేది. కసరత్తు చేసి బాగుపడింది. అందుకే ఆడపిల్లలకు ఆట కావాలని పట్టుబట్టింది. 1893 మార్చిలో ఆ కాలేజీ పిల్లలు రెండు జట్లుగా ఆడారు. చూడడానికి మగవాళ్ళను లోపలికి రానివ్వలేదట! ఆ కాలం అలాంటిది. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

మన దగ్గర ఆడవాళ్ళు వాడే బంతి మగవాళ్ళ బంతి కన్నా కొంచెం చిన్నది. మిగతా ఆటంతా ఒకటే. ఉరకాలి, ఎగరాలి, ఠక్కున ఆగాలి, పక్కకు తిరగాలి. ఈ ఎగరడం, ఆగడం సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వద్దాం.

నాట్లు వేసేది ఒక్కరేనా?

నాట్ల కాలం గుర్తు చేసుకోండి. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారు. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకు ఏం కనిపిస్తుంది? వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు కనిపిస్తారు. అంతే. కానీ చీకటితో లేచి నారు పీకింది ఎవరు? కట్టలు కట్టి మడిలోకి అందించింది ఎవరు? బురద చదును చేసింది ఎవరు? కూలి ఎంతో మాట్లాడి అందరినీ పిలుచుకొచ్చింది ఎవరు? చెట్టు కింద పసిపిల్లలను చూసుకునే ముసలమ్మ సంగతి ఏమిటి? ఆ ముసలమ్మ రాకపోతే ఇద్దరు పిల్లల తల్లులు ఆ రోజు నాటుకు రాలేరు.

బాస్కెట్‌బాల్ జట్టు కూడా అంతే. ఆడేది 5 మంది. వాళ్ళను ఆడించేవాళ్ళు, చూసుకునేవాళ్ళు బెంచీ మీదా, బెంచీ వెనకా ఉంటారు. వాళ్ళందరినీ కలిపి జట్టు సిబ్బంది అంటారు.

అందరికన్నా ముందు కోచ్. కోచ్ అంటే ఆట నేర్పే గురువు. మన కాలేజీల్లో చాలా చోట్ల ఈ పని పీడీ సార్ చేస్తారు. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్. బడిలో పీఈటీ సార్ ఉన్నట్టే కాలేజీలో పీడీ సార్. ఎవరు ఆడాలి, ఎవరు ఆగాలి, ఎప్పుడు మార్చాలి అన్నది కోచ్ చెబుతారు. ఆట నడుమ "టైం అవుట్" అడిగితే ఒక్క నిమిషం ఆట ఆపుతారు. ఆ ఒక్క నిమిషంలో కోచ్ చెప్పే నాలుగు మాటలతో ఓడిపోయే ఆట గెలవవచ్చు. ఆ నిమిషమంతా తిట్టే కోచ్‌లు కూడా ఉన్నారు. తిడితే బిడ్డ ఇంకా భయపడుతుంది. బంతి ఇంకా జారుతుంది. మంచి కోచ్‌ను గుర్తుపట్టాలంటే గెలిచిన రోజు చూడకండి. ఓడిన రోజు పిల్లలతో ఎట్లా మాట్లాడుతున్నారో చూడండి.

కోచ్ చేసే ఇంకో పని ఉంది. ఆట మొదలయ్యే ముందు ఆడేవాళ్ళ పేర్లు, నంబర్లు రాసిన పట్టీ బల్ల దగ్గర ఇవ్వాలి. పెద్ద పోటీల్లో అయితే 40 నిమిషాల ముందే ఇవ్వాలి. తరువాత పేర్లు సరిగ్గా ఉన్నాయని కోచ్ సంతకం పెట్టాలి. అంటే అక్కడ కూడా చదివే సంతకం పెడతారు. మీరు కాగితం చదివి సంతకం పెడతానంటే ఎవరూ నవ్వాల్సిన పని లేదు.

పెద్ద జట్లలో కోచ్‌కు సహాయ కోచ్ ఉంటారు. కసరత్తు చేయించడానికి ఒకరు, లెక్కలు రాయడానికి ఒకరు, సామాను, టికెట్లు, భోజనం చూడడానికి మేనేజర్ ఒకరు ఉంటారు. వీళ్ళ గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. మన కాలేజీలో ఇంతమంది ఉండరు. కానీ ఇద్దరి గురించి మాత్రం గట్టిగా అడగాలి. ఒకరు దెబ్బలు చూసేవాళ్ళు. రెండోవారు వెంట పోయే మేడం.

దెబ్బ తగిలితే?

ఇందాక ఎగరడం, ఆగడం అన్నాం కదా. ఎగిరి దిగేటప్పుడు, ఠక్కున తిరిగేటప్పుడు మోకాలిలో నరం లాంటి పట్టీ తెగవచ్చు. ఈ దెబ్బ మగపిల్లల కన్నా ఆడపిల్లలకు ఎక్కువగా తగులుతుందని డాక్టర్లు చెబుతారు. దీనికి ఉపాయం ఉంది. మోకాళ్ళు కొంచెం వంచి, రెండు కాళ్ళ మీద మెత్తగా దిగడం నేర్పాలి. తొడల బలం పెంచే కసరత్తు చేయించాలి. ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కేదాకా మెల్లగా ఉరికించాలి. ఇవి రోజూ చేయిస్తే దెబ్బలు తగ్గుతాయి. దీనికి డబ్బు అక్కరలేదు. తెలిసిన మనిషి కావాలి. అలా తెలిసిన మనిషినే ఫిజియో అంటారు. కీళ్ళు, కండరాలు బాగుచేసే చదువు చదివినవాళ్ళు.

కాలేజీలో ఫిజియో లేకపోతే? మొదటి సాయం తెలిసినవాళ్ళు ఒకరైనా ఉండాలి. మందుల పెట్టె ఉండాలి. చీలమండ బెణికితే వెంటనే ఆట ఆపాలి. గుడ్డలో ఐసు చుట్టి పెట్టాలి. పట్టీ కట్టి కాలు ఎత్తున పెట్టాలి. లాగకూడదు. నూనె పెట్టి గట్టిగా రుద్దకూడదు. వాపు ఎక్కువైనా, కాలు కింద పెట్టలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నెత్తురు కారుతుంటే ఆడనివ్వకూడదు. ఇది ఆట రూలే. నెత్తురు ఆగి, కట్టు కట్టాకే మళ్ళీ దిగాలి.

మన జిల్లాలో జరిగింది ఒకటి చెప్పుకోవాలి. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే రోజు. జనం కూర్చున్న గ్యాలరీ కూలిపోయింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. అక్కడ దెబ్బ తగిలింది ఆడేవాళ్ళకు కాదు, చూడవచ్చినవాళ్ళకు. గ్రౌండుకు పోయేటప్పుడు ఆటే కాదు, అన్నీ చూసుకునే మనిషి ఒకరు కావాలి. 108కి ఎవరు ఫోన్ చేస్తారు, దగ్గరి దవాఖానా ఎక్కడ ఉంది అన్నది ముందే తెలిసి ఉండాలి.

ఇంకొకటి. బలం వస్తుందని ఎవరైనా పొడి ఇచ్చినా, గోళీ ఇచ్చినా, సూది వేస్తామన్నా డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. నిషేధించిన మందు ఒంట్లో దొరికితే "నాకు తెలియదు, సార్ ఇచ్చిండు" అన్నా శిక్ష పడేది ఆడినవాళ్ళకే.

బలం గోళీలో లేదు. గిన్నెలో ఉంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ. రక్తం తక్కువైతే నాలుగు అడుగులు ఉరికితే ఆయాసం వస్తుంది. కోచ్ సార్ "బద్ధకం" అంటాడు. అది బద్ధకం కాదు. రాగి జావ, తోటకూర, మునగాకు, పప్పు, గుడ్డు, పల్లీలు, బెల్లం పెట్టండి. కూరలో నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే పట్టదు. ఇది చదివిన మీరు కూడా జట్టు సిబ్బందిలో ఒకరే అనుకోండి. జీతం లేదు గానీ!

వెంట పోయే మేడం

నా లెక్కలో ఈ మేడం చాలా ముఖ్యం. బస్సులో, రాత్రి పడుకునే చోట, స్నానాల గదుల దగ్గర పిల్లల వెంట ఒక ఆడమనిషి ఉండాలి. ఆమె లెక్చరర్ కావచ్చు. పీడీ మేడం కావచ్చు.

నెలసరి వచ్చిందనుకోండి. బిడ్డ సార్‌తో చెప్పడానికి సిగ్గుపడుతుంది. కడుపునొప్పి ఓర్చుకొని ఆడుతుంది. లేకపోతే ఏదో అబద్ధం చెప్పి కూర్చుంటుంది. మేడం ఉంటే చెబుతుంది. నెలసరిలో ఆడితే ఒంటికి చెడు ఏమీ లేదు. ఓపిక ఉంటే ఆడవచ్చు, లేకపోతే మానవచ్చు. కానీ మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించాలి. తిండి చాలక, ఆట ఎక్కువై కూడా అలా ఆగుతుంది.

ఇంకో సంగతి. నోరు విప్పి చెప్పుకోవాల్సిన సంగతి ఇది. నేర్పే సార్లలో మంచివాళ్ళే ఎక్కువ. కానీ చెయ్యి వేసేవాళ్ళు, వంకర మాటలు అనేవాళ్ళు, "నా మాట వినకపోతే టీంల నుంచి తీసేస్త" అనేవాళ్ళు కూడా ఉంటారు. 2023లో ఢిల్లీలో దేశానికి పతకాలు తెచ్చిన కుస్తీ ఆడపిల్లలు ఇలాంటి ఫిర్యాదుతోనే రోడ్డు మీద కూర్చున్నారు.

దీనికి 2013లో చట్టం వచ్చింది. పని చేసే చోట ఆడవాళ్ళను వేధించకుండా ఆపే చట్టం అది. ఆట నేర్పే చోటు, స్టేడియం, పోటీలు జరిగే చోటు కూడా దాని కిందికి వస్తాయి. కాలేజీలో ఒక అంతర్గత కమిటీ ఉండాలి. దానికి పెద్ద ఆడమనిషే ఉండాలి. కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. జరిగిన మూడు నెలల లోపల కాగితం రాసి ఇవ్వాలి. రాయడం రాకపోతే? రాసుకోవడానికి కమిటీయే సాయం చేయాలని చట్టంలో ఉంది. బిడ్డకు 18 ఏళ్ళు నిండకపోతే 2012లో వచ్చిన పోక్సో చట్టం ఇంకా గట్టిది. ఆపద వేళ 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయవచ్చు.

ఇవన్నీ విని "అసలు పంపకపోతే పీడా పోతుంది కదా" అని అనుకుంటున్నారా? ఆగండి. ఇంకో ఇద్దరి కథ వినండి.

ఇద్దరు

శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అనే ఊరు ఉంది. కరణం మల్లీశ్వరి అక్కడి పిల్ల. బరువులు ఎత్తడం నేర్చుకుంటానని అప్పన్న అనే గురువు దగ్గరకు పోయింది. నీలంశెట్టి అప్పన్న పిల్లను చూశాడు. బక్కగా ఉంది. నీ వల్ల కాదు అన్నాడు. పిల్ల ఇంటికి వచ్చింది. తల్లి శ్యామల ఊరుకోలేదు. నీ వల్ల అవుతుందని పిల్లకు ధైర్యం చెప్పింది. తరువాత ఆ అప్పన్న దగ్గరే మల్లీశ్వరి నేర్చుకుంది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తింది. కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమె. ఆ రోజు టీవీలో తల్లి కనిపించలేదు. గురువు అప్పన్న కూడా కనిపించలేదు.

రెండో ఆమెది అమెరికా. పేరు పాట్ సమిట్. వ్యవసాయ కుటుంబం. చిన్నప్పుడు పాలు పితికింది. పొగాకు చేలో పని చేసింది. హైస్కూలుకు వచ్చేసరికి అక్కడి బడిలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు లేదు. తండ్రి ఏం చేశాడో తెలుసా? బిడ్డ ఆడుకోవాలని కుటుంబాన్నంతా జట్టు ఉన్న పక్క ఊరికి మార్చాడు. మన దగ్గర బిడ్డ చదువు కోసం ఊరు మారిన తండ్రులున్నారు. ఆట కోసం మారినవాడు అరుదు.

1974లో, 22 ఏళ్ళకే, పాట్ టెన్నెసీ యూనివర్సిటీ ఆడపిల్లల జట్టుకు కోచ్ అయింది. కొందరు ఆటగాళ్ళు ఆమె కన్నా ఒక్క ఏడాదే చిన్న. జీతం నెలకు 250 డాలర్లు. సహాయకులు లేరు. పిల్లల ఆట బట్టలు తానే ఉతికేది. వేరే ఊళ్ళకు ఆడడానికి పోవాలంటే వ్యాన్ తానే నడిపేది. మన పీడీ సార్లు ఒక్కరే అన్నీ చేస్తున్నట్టే. రాను రాను ఆమె వెనక పెద్ద సిబ్బంది తయారైంది. 38 ఏళ్ళలో ఆమె జట్లు 1098 ఆటలు గెలిచాయి. దేశంలో మొదటి స్థానం 8 సార్లు వచ్చింది. అన్నిటికన్నా పెద్ద సంగతి ఏమిటంటే, ఆమె దగ్గర చివరిదాకా ఆడిన పిల్లలందరూ డిగ్రీ పూర్తి చేశారు. ఆట ఆడితే చదువు పోతుందనేవాళ్ళకు ఇది చదివి వినిపించండి.

2011లో ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చిందని తెలిసింది. దాచిపెట్టలేదు. అందరికీ చెప్పింది. ఇంకో ఏడాది బెంచీ మీద కూర్చుంది. ఆ ఏడాది పని చాలా వరకు సహాయ కోచ్‌లు చేశారు. 2012లో ఆమె తప్పుకుంది. ఆమె దగ్గర ఆడి, ఆమెకే సహాయ కోచ్‌గా చేసిన హోలీ వార్లిక్ ఆ కుర్చీలో కూర్చుంది. పాట్ 2016లో చనిపోయింది.

ఆడిన పిల్ల కోచ్ అయింది, చూశారా. మన దగ్గర కూడా దారి ఉంది. హైదరాబాదు దోమలగూడలో వ్యాయామ విద్య నేర్పే ప్రభుత్వ కాలేజీ ఉంది. పంజాబులో పాటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ సంస్థ 1961 నుంచి ఉంది. రేపు మీ బిడ్డే ఇంకొకరి బిడ్డ వెంట పోయే మేడం కావచ్చు.

మళ్ళీ కాగితం దగ్గరకు

మీరు చదివారు. పేరు లేదని చూశారు. బిడ్డను అడిగారు.

"మేడం ఎవరొస్తున్నరు బిడ్డా?"

"తెల్వదమ్మా. నువ్వు పోయి అడగకు. అడిగితే నా పేరు తీసేస్తరు."

బిడ్డ కళ్ళల్లో నీళ్ళు. మీ కడుపులో దేవినట్టు అయింది. అయినా మరునాడు పొద్దున కూలికి పోకుండా బిడ్డతో కలిసి బస్సెక్కారు. ఒకరోజు కూలి పోయింది. గ్రౌండు దగ్గర పీడీ సార్ కనిపించారు.

"నమస్తే సార్. మా బిడ్డ కాగితం తెచ్చిన. చదివిన. మంచిగనే ఉన్నది. ఆడపిల్లల వెంట ఏ మేడం వస్తున్నదో రాయలే."

సార్ కాగితం చూశారు.

"నిజమేనమ్మా. ఇంకా ఖాయం కాలె. ఇద్దరు మేడంలను అడిగిన. ఇండ్లల్ల పనులున్నయంటున్నరు. కాగితం ఇవ్వాళ్నే పంపాలె. మీరు సంతకం పెట్టుండ్రి, తర్వాత చూద్దాం."

"తర్వాత వద్దు సార్. ఖాయం చేసుండ్రి. నేను ఈడ్నే చెట్టు కింద కూసుంట."

బిడ్డ తల ఎత్తలేదు. మధ్యాహ్నం అయింది. సార్ ఒక లెక్చరర్ మేడంను వెంట తీసుకొని వచ్చారు. కాగితం అడుగున ఆమె పేరు, ఫోన్ నంబరు రాసి ఇచ్చారు. మీరు అదీ చదివారు. నంబరులో పది అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టారు. అప్పుడు పెన్ను అడిగారు.

రాయండి

కింది కాగితం చదవండి. మీ నోటుబుక్కులో ఎక్కించండి. ఖాళీలు నింపండి. ఇందులో ఇంకా ఏం ఉండాలో పక్కనున్న అక్కతో మాట్లాడి, ఒక వరుస మీరే కలపండి.

నా కూతురు ................ మీ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుతో ................ ఊరికి పోవడానికి ఒప్పుకుంటున్నాను.

పోయే తేదీ ............ తిరిగి వచ్చే తేదీ ............

కోచ్ పేరు, ఫోన్ నంబరు ................

వెంట వచ్చే మేడం పేరు, ఫోన్ నంబరు ................

రాత్రి ఉండే చోటు ................

దెబ్బ తగిలితే చూపించే దవాఖానా ................

................................................

తల్లి సంతకం ................